బల్లకొండ పుట్టుక



గత సంవత్సరము విద్యార్థుల కార్యక్రమములో ఒక బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పుచు మేమొక తప్పు చేసితిమి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరము వెనుక బల్లవలె చదునైన శిరస్సుతో నిలిచియున్న టేబుల్ మౌంటెన్ ఎట్లు పుట్టినదని ఆ బాలుడు అడిగెను. అది చల్లారిపోయిన అగ్నిపర్వతమనియు, దాని శిఖరము ప్రేలి ఎగిరిపోగా మొదలు మాత్రము మిగిలినదనియు చెప్పి, కాలము మించుచున్నందున తరువాతి ప్రశ్నకు పోతిమి. వారము తిరుగకుండ కడప జిల్లానుండి ఒక ఉపాధ్యాయుని కార్డు వచ్చినది. "అయ్యా, ఆ కొండ ఫొటో మా పాఠశాలలోని భూగోళ పుస్తకములో ఉన్నది. దాని నిలువు గోడమీద అడ్డముగా గీతలు గీచినట్లు పొరలు కనబడుచున్నవి. మా ఊరి గనులలో బండలు పొరలు పొరలుగా లేచును. అవి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్నవని చదివితిమి. నిప్పునుండి పుట్టిన కొండకు ఇన్ని పొరలు ఇంత సమముగా ఏల ఉండవలెను?" అని అందులో ఉన్నది.

ఆ కార్డును చదివి కొంతసేపు మౌనముగా ఉంటిమి. భూగర్భశాస్త్రజ్ఞుల గ్రంథములు తెప్పించి చూడగా ఉపాధ్యాయునిదే సరియైన మాటయని తేలినది. పత్రికలో తప్పు పడినచో మరునాడు అదే పుటలో సవరణ వేయవచ్చును. మైక్రోఫోను ముందు పలికిన మాట ఎక్కడ ఎవరి చెవిని సోకినదో మాకు తెలియదు. ప్రశ్న వేసిన బాలుడు మమ్ము నమ్మి పరీక్షలో అట్లే వ్రాసియుండవచ్చును. కావున నేటి ఈ ప్రసంగము మాకు ఋణము తీర్చుకొనుట వంటిది.

మేము ఆ కొండను కన్నులార చూచినవారము కాము. చూచినవారు వ్రాసిన వర్ణనలు, శిలాపటములు, ఫొటోలు ఇవియే మాకు ఆధారము. ఆఫ్రికాఖండపు నైరృతి కొసన, గుడ్‌హోప్ అగ్రమునకు పోవు ద్వీపకల్పము మొదట ఈ కొండ ఉన్నది. నగరమునుండి చూచువానికి ఎడమచేతి వైపున డెవిల్స్ పీక్ అను శిఖరము, కుడిచేతి వైపున లయన్స్ హెడ్ అను శిఖరము, నడుమ ఈ మహాఫలకము. ఒక అంచునుండి మరొక అంచునకు సుమారు 3 కిలోమీటర్లు. అందులో ఎత్తైన చోటు సముద్రమట్టమునకు 1086 మీటర్లు. అక్కడ ఖగోళశాస్త్రజ్ఞుడు థామస్ మక్లియర్ కొలతల నిమిత్తము రాళ్లగుట్ట కట్టించినందున ఆ స్థలమును మక్లియర్ గుట్ట యని పిలుచుచున్నారు. కొండకు బల్ల యని పేరు పెట్టినవాడు పోర్చుగీసు నావికుడు సల్దాన్హా. 1503లో అతడు దానిపైకెక్కి తన ఓడ ఎక్కడ నిలిచినదో చూచుకొనెను. అంతకు మునుపే అక్కడి ఖోయి ప్రజలు దీనిని సముద్రములోని కొండ యని అర్థము వచ్చు మాటతో పిలిచెడివారని చెప్పుదురు. మేము మన భాషలో దీనిని బల్లకొండ యని అందుము.

ఈ కొండ ఒక రాయి కాదు. క్రిందినుండి పైకి పోయినచో మూడు జాతుల రాళ్లు కానవచ్చును. అడుగున రెండు జాతులు ప్రక్కప్రక్కన ఉన్నవి. నల్లని పలకరాయి వంటిది ఒకటి, తెల్లని మచ్చలు గల గ్రానైటు ఒకటి. ఆ రెండింటి నెత్తిన, సమముగా పరచినట్లు, ఐదువందల మీటర్లకు పైబడిన ఇసుకరాయి. ఫొటోలో కనబడు నిలువు గోడ అంతయు ఇసుకరాయియే. ఉపాధ్యాయుడు చూచిన గీతలు దాని పొరలు.

ఇందులో ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్న ఒకప్పుడు ఐరోపా పండితులలో పెద్ద కలహమునకు కారణమైనది. ఆ కాలమున గ్రానైటు ఎట్లు పుట్టినదని రెండు పక్షములుండెను. ఆదిసముద్రపు నీటినుండి ఉప్పువలె పేరుకొని గడ్డకట్టినదని జర్మనీలోని వెర్నర్ శిష్యులు చెప్పిరి. భూగర్భమున కరగి, పైరాళ్లలోనికి చొచ్చుకొనివచ్చి చల్లారినదని స్కాట్లండులోని హట్టన్ శిష్యులు చెప్పిరి. నీటి పక్షమువారి మాట నిజమైనచో గ్రానైటు అన్ని రాళ్లకంటె పాతది కావలెను. అగ్ని పక్షమువారి మాట నిజమైనచో తాను చొచ్చిన రాతికంటె అది క్రొత్తది కావలెను.

1812లో బేసిల్ హాల్ అను బ్రిటిషు నౌకాదళ అధికారి కేప్‌టౌనులో దిగి ఈ కొండల మొదళ్లను పరిశీలించెను. నల్లని పలకరాతిలోనికి గ్రానైటు తీగలు తీగలుగా ప్రాకియుండుటను అతడు చూచెను. పలకరాతి తునుకలు గ్రానైటు మధ్య చిక్కుకొని యుండుటయు చూచెను. కాని పైనున్న ఇసుకరాతిలోనికి ఒక్క గ్రానైటు తీగయైనను పోలేదు. ఎడింబరో ఆచార్యుడు జాన్ ప్లేఫేర్ ఈ పరిశీలనలను ఒక వ్యాసముగ కూర్చి 1813లో అక్కడి రాయల్ సొసైటీ ముందు చదివెను. తీగ చొచ్చిన రాయి తీగకంటె ముందుది. చొచ్చని రాయి తరువాతిది. ఇంతటి సులభమైన తర్కముతో మూడు రాళ్ల వరుస తేలిపోయినది: మొదట పలకరాయి, తరువాత గ్రానైటు, చివర ఇసుకరాయి. బల్లకొండ పాదమున నీటి పక్షమువారికి గట్టి దెబ్బ తగిలినది. సీ పాయింటు అను సముద్రపుటొడ్డున ఈ రెండు రాళ్ల కలయిక స్పష్టముగా కనబడును. క్లార్క్ ఏబెల్ అను వైద్యుడు 1818లో దీనిని వర్ణించెను. 1836 జూనులో బీగిల్ నౌకలో స్వదేశమునకు మరలుచున్న చార్లెస్ డార్విన్ కూడ ఇక్కడికి వచ్చి చూచిపోయెను.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు వరుసనే కాక వయస్సును కూడ చెప్పగలుగుచున్నారు. గ్రానైటులో జిర్కాన్ అను చిన్న స్ఫటికములుండును. వానిలోని యురేనియము తెలిసిన వేగముతో కొద్దికొద్దిగా సీసముగ మారుచుండును. మారిన పాలెంతయో కొలిచి వయస్సు లెక్కింతురు. ఆ లెక్కప్రకారము బల్లకొండ క్రింది గ్రానైటు వయస్సు సుమారు 54 కోట్ల సంవత్సరములు.

అంతకు రెండు కోట్ల ఏండ్లకు పూర్వము అక్కడ లోతైన సముద్రముండెను. నదులు తెచ్చిన ఒండ్రు, బురద దాని అడుగున పేరుకొని, తరువాత భూమి ఒత్తిడికి నలిగి మడతలు పడి పలకరాయియైనది. కరగిన శిల క్రిందినుండి దానిలోనికి చొచ్చినది. ఆ కరగిన శిల పైకి ఉబికి లావాగ పారలేదు. భూమిలోపలనే, కొన్ని కిలోమీటర్ల లోతున, మెల్లమెల్లగా చల్లారినది. చక్కెర పాకమును త్వరగా ఆర్చినచో సన్నని పలుకు కట్టును. కదల్పక చాల దినములుంచినచో పెద్ద పెద్ద కలకండ పలుకులు కట్టును. ఇక్కడి గ్రానైటులో ఫెల్డ్స్పార్ పలుకులు కంటికి స్పష్టముగా కనబడునంత పెద్దవి. అవి నిదానముగా చల్లారినదానికి సాక్ష్యము. దాని వేడికి చుట్టునున్న పలకరాయి, ఆవములో కాలిన కుండవలె, గట్టిపడినది. మేము చెప్పిన జవాబులో నిప్పు అను మాట పూర్తిగా అసత్యము కాదని దీనివలన తేలుచున్నది గాని, అది తప్పునకు సమర్థన కానేరదు. కొండ అగ్నిపర్వతము కాదు. దాని పునాదిలోని ఒక రాయి మాత్రము అగ్నినుండి పుట్టినది.

ఇక్కడ శ్రోతలు ఒక సంగతి గమనింపవలెను. గ్రానైటు కొన్ని కిలోమీటర్ల లోతున గడ్డకట్టినది. కాని ఇసుకరాయి నేరుగా ఆ గ్రానైటు నెత్తిమీదనే కూర్చున్నది. ఇసుక వచ్చి పడునాటికి గ్రానైటు ఆరుబయట ఎండలో ఉండవలెను గదా! అనగా నడుమనున్న కిలోమీటర్ల మందము గల రాయి యంతయు అప్పటికే వానకును గాలికిని అరగి, కొట్టుకొనిపోయి ఉండవలెను. ఒక పర్వతపంక్తి పుట్టి, మొదలంట నశించి, చదునైన నేల మిగిలిన తరువాతనే బల్లకొండ కథ ప్రారంభమైనది. ఆ నేలకును దానిపై మొదటి ఇసుకపొరకును నడుమ గీత సన్ననిది. అది మ్రింగిన కాలము కోట్ల ఏండ్లు.

ఆ గీతను చూడవలెనన్నచో ద్వీపకల్పములో చాప్‌మన్స్ పీక్ అను కొండప్రక్కన 1922లో తెరచిన రస్తా వెంట పోవలెనందురు. రస్తా చాల దూరము సరిగా ఆ గీతమీదనే సాగును. క్రింద గ్రానైటు, పైన మెత్తని ఎఱ్ఱ పొరలు. గట్టి గ్రానైటును తొలుచుటకంటె దానిపై మెత్తని పొరలను త్రవ్వుట సులభమని ఇంజనీర్లు అట్లు వేసిరి. అంతదూరము పోజాలనివారికి మన తిరుమల కనుమదారి కలదు. అక్కడ కూడ ప్రాచీనమైన గ్రానైటు నెత్తిన పలుగురాతి పొరలు కూర్చుండియున్నవి. ఆ రెండింటి నడుమ సుమారు 80 కోట్ల ఏండ్ల వ్యవధి కలదని చెప్పుదురు. భారత భూగర్భ పరిశీలన శాఖవారు ఆ స్థలమును జాతీయ భూగర్భ స్మారకముగ ప్రకటించిరి. మేము ఎన్నియో మారులు ఆ దారిని పోయితిమి గాని, కార్డు వచ్చిన తరువాతనే మొదటిసారి బస్సు కిటికీలోనుండి తల బయటకు పెట్టి చూచితిమి.

తిరిగి బల్లకొండకు వత్తము. అరగి చదునైన నేలమీదికి సుమారు 50 కోట్ల ఏండ్ల క్రిందట నీరు వచ్చినది. మొదట పేరుకొన్నవి ఎఱ్ఱని బురదపొరలు, ఇసుకపొరలు. మందము 60, 70 మీటర్లు. వానిలో చిన్న అలల ముడుతలును, ఎండిన చెరువు అడుగున పడు నెర్రెల వంటి పగుళ్లును ఇప్పటికిని కానవచ్చును. ఆటుపోట్లు వచ్చిపోవు లోతులేని తీరము అది. తరువాత కోట్ల ఏండ్లపాటు నదులును సముద్రమును తెల్లని ఇసుకను తెచ్చి పరచినవి. నేల క్రుంగుచుండెను, ఇసుక నిండుచుండెను. పైపొరల బరువునకు అడుగు పొరలు నొక్కుకొనిపోయి, పలుగు రేణువులు పలుగుతోనే అతుకుకొని, సుత్తికి లొంగని రాయి తయారైనది.

ఆ ఇసుకపైకి ఒకప్పుడు మంచు కూడ వచ్చినది. సుమారు 44 కోట్ల ఏండ్ల క్రిందట హిమనదములు ఈ భూభాగమును కప్పి, తాము ఈడ్చుకొనివచ్చిన గులకరాళ్లను బురదతో కలిపి వదలిపోయినవి. ఆ పొరలో ఒక చిన్న తునుక కొండపైన మక్లియర్ గుట్ట సమీపమున మిగిలియున్నది. తక్కినదంతయు పోయినది.

అప్పటికి ఆఫ్రికా, భారతదేశము, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే భూఖండముగ ఉండెను. దానిని గోండ్వానా అందురు. ఈ పేరు మన ప్రక్కది. భూగర్భ పరిశీలన శాఖలోని మెడ్లికాట్ 1872లో గోండుల దేశమందలి శిలలకు ఈ పేరు వాడగా, ఆస్ట్రియా పండితుడు ఎడ్వర్డ్ సూస్ దానిని మహాఖండమునకే పెట్టెను. మన సింగరేణి బొగ్గు గోండ్వానా శిలలలోనిదే. కేప్‌టౌను విద్యార్థి తన ఊరి కొండ చరిత్ర చదువునపుడు ఆదిలాబాదు గోండుల పేరు పలుకక తప్పదు.

సుమారు 25 కోట్ల ఏండ్ల క్రిందట దక్షిణమునుండి వచ్చిన ఒత్తిడికి ఈ ఇసుకరాతి పొరలు మడతలు పడినవి. నేలమీద పరచిన చాపను ఒక ప్రక్కనుండి త్రోసినచో అది కొన్నిచోట్ల లేచును, కొన్నిచోట్ల క్రుంగును. లోపలి ప్రాంతములోని హెక్స్ నది పర్వతములలో, స్వార్ట్‌బర్గ్ పర్వతములలో పొరలు నిలువునకు నిలువు లేచి, కొన్నిచోట్ల తలక్రిందులైనవి. బల్లకొండ పొరలకు మాత్రము అంతటి బాధ కలుగలేదు. అవి ఒక విశాలమైన మడత పల్లములో, గిన్నె అడుగువలె, కొద్దిపాటి వంపుతో దాదాపు సమముగా నిలిచిపోయినవి.

నేడు ఎత్తుగా కనబడు బల్లకొండ నాటి మడతలలో ఎత్తైన చోటు కాదు; పల్లము! మడత లేచినచోట పొరలు సాగి పగులును. ఆ పగుళ్లలో నీరు దూరి రాతిని త్వరగా కొరికివేయును. పల్లపు అడుగున పొరలు బిగిసి యుండును. అందువలన కాలక్రమమున గట్లు కరగి లోయలైనవి, పల్లము కొండయై నిలిచినది. దాని ఇరుప్రక్కల ఏమేమి ఉండెడివో అవన్నియు పోయినందుననే మనకది కొండగ కనబడుచున్నది. సుమారు 13 కోట్ల ఏండ్ల క్రిందట గోండ్వానా చీలి అట్లాంటిక్ సముద్రము తెరచుకొనుట మొదలైనది. ఆనాటి పగుళ్లలో గడ్డకట్టిన నల్లని డోలరైటు తీగలు ద్వీపకల్పములో నేటికిని కలవు. సముద్రము దగ్గరకు వచ్చినందున నదులకు వాలు పెరిగినది; కోత ముమ్మరమైనది. బల్లకొండ నెత్తిన ఒకప్పుడుండిన కొన్ని కిలోమీటర్ల మందము గల రాయి అట్లు సముద్రము పాలైనది.

ఇక శిరస్సు చదునుగా ఏల ఉన్నది, గోడ నిలువుగా ఏల ఉన్నది అను రెండు ప్రశ్నలకు జవాబు కష్టము కాదు. మెత్తని పొరలు పోయి, గట్టి పొర తగిలినచోట కోత నిలిచిపోయినది. పొర సమముగా ఉన్నది కావున కొండ నెత్తియు సమముగానే ఉన్నది. ఇసుకరాతిలో నిలువు పగుళ్లు కలవు. క్రింది మెత్తని రాయి అరగి లోనికి పోయినపుడు పై బండ ఆధారము తప్పి పగులు వెంట నిలువుగా విరిగిపడును. కత్తితో జున్ను కోసినట్లు గోడ వెనుకకు జరుగునే గాని వాలు పడదు. సల్దాన్హా ఎక్కిన ప్లాటెక్లిప్ అను ఇరుకు లోయ కూడ అట్టి చీలికయే. లయన్స్ హెడ్ మీద ఇసుకరాయి చిన్న టోపీ యంత మిగిలినది. దాని ప్రక్కనున్న సిగ్నల్ హిల్ మీద ఆ టోపీయు పోయినది. అక్కడ అడుగు రాయి మాత్రమే. ఈ మూడు కొండలను వరుసగా చూచినవారికి బల్లకొండకు రాబోవు గతి తెలియును. తొందర యేమియు లేదు: అక్కడి పలుగురాయి పది లక్షల ఏండ్లకు కొన్ని మీటర్లు మాత్రమే అరుగును.

వేసవిలో ఆగ్నేయదిశనుండి వీచు సముద్రపు గాలి ఈ గోడకు తగిలి పైకి లేచి చల్లబడి మేఘమగును. ఆ మేఘము నెత్తిన పరచుకొని అంచునుండి క్రిందికి జారి మాయమగును. అక్కడివారు దానిని బల్లగుడ్డ అందురు. 1751 నుండి 1753 వరకు కేప్‌లో ఉండి దక్షిణాకాశమును కొలిచిన ఫ్రెంచి పండితుడు లకాయ్, ఒక నక్షత్రమండలమునకు ఈ కొండ పేరే పెట్టెను. దాని అంచున మేఘమువలె కనబడు నక్షత్రసమూహమొకటి ఉండుటచేత ఆ పేరు బాగుగ అమరినది. అది దక్షిణధ్రువమునకు సమీపమున ఉన్నందున మన తెలుగునాట దానిని పూర్తిగా చూచు భాగ్యము లేదు. ఆ మేఘమునుండి కొండకు నీరును చేరుచున్నదని 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో వృక్షశాస్త్రజ్ఞుడు మార్లొత్ నిరూపించెను. ఒక వానకొలత పాత్రను ఊరకయు, మరొక పాత్రను రెల్లుపుడకలతోను పెట్టి చూడగా, పుడకలు పట్టుకొన్న నీరు ఎన్నియో రెట్లు హెచ్చుగ ఉండెను.

ఆ నీరే నగరమునకు కారణము. ఇసుకరాతి పగుళ్లలో దిగిన నీరు క్రింద ఊటలై బయటపడును. 1652లో డచ్చి వర్తకసంఘమువారు అక్కడ దిగుటకు ముఖ్యకారణము, తూర్పుదేశములకు పోవు ఓడలకు నీరును కాయగూరలును దొరకుటయే. వారు బానిసలను కొనితెచ్చిరి. ఆ బానిసలలో వంగదేశమువారును, మన కోరమండల తీరపు రేవులలో ఓడలెక్కింపబడినవారును ఉండిరి. వారు కొండమీది కట్టెలు మోసిరి. వారి స్త్రీలు ప్లాటెక్లిప్ వాగులో యజమానుల బట్టలుతికిరి. సల్దాన్హా పేరు, మక్లియర్ పేరు కొండ చరిత్రలో నిలిచినవి. ఆ రేవులనుండి పోయినవారి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు చాలవరకు పోయినవి.

నగరము పెరిగిన తరువాత కొండ వెనుకభాగమున ఆనకట్టలు కట్టిరి; వుడ్‌హెడ్ జలాశయము 1897లో పూర్తియైనది. 2015 మొదలు మూడేండ్లు వరుసగా వానలు తగ్గి, 2018 ఫిబ్రవరిలో మనిషి ఒక్కంటికి దినమునకు 50 లీటర్ల నీరు మాత్రమే వాడవలెనని నగరపాలకులు ఉత్తరువు చేసిరి. ప్రజలు ఊటల వద్ద సీసాలతో వరుసలు కట్టిరి. అప్పుడు ఇంజనీర్లు బల్లకొండ జాతి ఇసుకరాతి పొరలలో, అవి మడతపడి భూమిలోనికి దిగిన చోట్ల, బోరులు వేసి నీటిని వెదకిరి. 25 కోట్ల ఏండ్ల క్రిందటి ఒత్తిడికి పడిన పగుళ్లు ఆ విధముగ పనికివచ్చినవి.

కడప జిల్లా ఉపాధ్యాయునికి మేము వేరుగ ఉత్తరము వ్రాసితిమి. ప్రశ్న వేసిన బాలుడు తన ఊరు చెప్పియుండలేదు. ఈ ప్రసంగము అతని చెవిని బడినచో, నోటుపుస్తకములో అగ్నిపర్వతమను మాటను కొట్టివేసి, ప్రక్కన ఒక బొమ్మ గీయవలెనని కోరుచున్నాము: అడుగున నల్లని పలకరాయి, దానిలోనికి తీగలు సాచిన గ్రానైటు, ఆ రెండింటి నెత్తిన ఒక అడ్డగీత, గీతకు పైన ఇసుకరాతి పొరలు. ఆ అడ్డగీతను మాత్రము కొంచెము మందముగా గీయవలెను.